కుడివైపు సగం బొమ్మ

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితానికి ఒక వెచ్చదనం ఉంటుంది, జ్వరం దిగుతున్న నుదుటిలా. మొన్న దిల్‌సుఖ్‌నగర్ సందులో, హాస్టళ్ల బోర్డుల కింద, అలాంటి కాగితం ఒకటి అరచేతిలో పెట్టుకుని నిలబడిపోయాను. కాగితం మీద ఒక నది, నాలుగు తెరచాప పడవలు. నీళ్లూ బూడిదే, తెరచాపలూ బూడిదే, ఆకాశమూ బూడిదే. "టోనర్ జర ఎక్కువైంది సార్, నడుస్తదా?" అన్నాడు షాపాయన. నడుస్తది అనబోయి ఆగాను. ఎందుకంటే ఏళ్ల తరబడి నేను అలాగే నడిపించాను. వెలుతురు ఘడియకో రంగు ఎలా మార్చుతుందో పట్టుకోవడానికే ఇంప్రెషనిజం అనే ఉద్యమం పుట్టింది. దాన్ని నలుపు తెలుపుల్లో బోధించిన ఘనుణ్ని నేను. హార్మోనియం బొమ్మ గీసి సంగీతం నేర్పినట్టన్నమాట. నా మూర్ఖత్వం అంతటితో ఆగితే బాగుండేది. యూరప్ చిత్రకళలో వచ్చిన ఇజాలన్నీ నిద్రలో లేపి అడిగినా వరసగా అప్పజెప్పే నేను, అసలు సిసలు యూరప్ నూనెరంగుల చిత్రాలు మూసీ ఒడ్డున మ్యూజియం గోడలకు వేలాడుతుంటే, మలక్‌పేట్ దాటి ఆ కాస్త దూరం వెళ్లలేకపోయాను. పిలిచేవాళ్లు లేక కాదు. పిలిచిన మనిషి ఉన్నారు. పిలిచి పిలిచి అలసిపోయారు కూడా.

ఆవిడ పేరు రాజ్యలక్ష్మి. మాకు మేడమ్. తెనాలి దగ్గరి మనిషి, పెళ్లి చేసుకోలేదు, చాలా ఏళ్ల క్రితం చైతన్యపురిలో ఒక చిన్న వాటా అద్దెకు తీసుకుని ఇక్కడే ఉండిపోయారు. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీకి లొంగని నేత చీరల్లో ఉండేవారు. భుజానికి గుడ్డసంచి, సంచిలో వేయించిన వేరుశనగకాయలు. కాయ ఒలుస్తూ పాఠం చెప్పేవారు. కోపం వస్తే కాయ చిట్లిన చప్పుడు ముందు వినిపించేది, మాట తర్వాత వచ్చేది. ఒకప్పుడు ఆవిడ బొమ్మలు వేసేవారని విన్నాం. ఎందుకు మానేశారని ఒకసారి అడిగితే, "వేసేవాళ్లు ఎక్కువై, చూసేవాళ్లు కరువయ్యారు. అందుకని నేను ఇటు వచ్చి కూర్చున్నా" అన్నారు. అది నిజమో, విసుగో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆవిడ పాఠం చెప్పే చోటు ఒక మూడంతస్తుల కట్టడం. కింద టిఫిన్ సెంటర్, మధ్యలో గ్రూప్స్ కోచింగ్, పైన మాది. ఊరంతా ఇంజనీర్లనీ ఆఫీసర్లనీ తయారుచేస్తుంటే, మా డైరెక్టర్ సార్ ఒక్కరే ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ప్రవేశ పరీక్షకు కోచింగ్ పెట్టాడు. కింది అంతస్తు వాళ్లు మమ్మల్ని "బొమ్మల కోచింగోళ్లు" అనేవారు. బొమ్మ గీయడం నేర్పడానికి వేరే సార్లు ఉండేవారు. కళాచరిత్ర మేడమ్ది. ఆ చరిత్రలోనూ బిట్లు, తేదీలు, ఆప్షన్లు వేరేవాళ్లు చూసుకునేవారు. మేడమ్ చేతిలో మిగిలింది వారానికి ఒక్క గంట. దాని పేరు చూపు గంట. ఆ గంటలో ఒకే ఒక్క బొమ్మ చూడాలి. జీతం పెంచమని, గది మార్చమని ఆవిడ ఎన్నడూ అడగలేదు. ఆ గంట జోలికి ఎవరైనా వస్తే మాత్రం డైరెక్టర్ సార్ గది ముందు వేరుశనగ తొక్కలు పడేవి.

నేను నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చాను. ఇంటర్‌లో లెక్కలకూ నాకూ తెగతెంపులయ్యాక, వినాయకుడి బొమ్మ బాగా వేస్తాడని మా మేనమామ తెచ్చి ఇక్కడ చేర్పించాడు. చేరిన వారంలోనే ఇజాల పట్టిక మొత్తం బట్టీ కొట్టేశాను. మొదటి చూపు గంటలో మేడమ్ ఒక జిరాక్స్ కాగితం ఎత్తి పట్టుకున్నారు. చీకటి గది, ఒక బల్ల, చుట్టూ మనుషులు, ఒక పక్క నుంచి వెలుగు. ఆవిడ నోరు విప్పకముందే నేను లేచి, "బరోక్, మేడమ్!" అన్నాను. క్లాసు చప్పట్లు కొట్టింది. మేడమ్ చేతిలో కాయ చిట్లింది.

"పేరు అడిగానా?"

"అడగలే మేడమ్."

"మరి? పెళ్లిచూపులకు వెళ్లి, పిల్ల ఇంటిపేరు కనుక్కుని లేచొచ్చే రకంలా ఉన్నావే. కూర్చో. ఏం కనిపిస్తోందో చెప్పు."

"చీకటి ఉంది మేడమ్. వెలుగు ఉంది."

"మా ఇంట్లోనూ ఉన్నాయి. ఇంకా?"

ఆ గంటంతా ఆ కాగితం ముందు కూర్చోబెట్టారు. మొదట ఒళ్లు మండింది. తర్వాత విసుగొచ్చింది. విసుగు కూడా అయిపోయాక ఒక విచిత్రం జరిగింది. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఒకడి చెయ్యి కనిపించలేదు. అందరి చేతులూ వెలుగులో ఉన్నాయి, వాడిది బల్ల కింద ఉంది. వాడేదో దాచాడు! ఆ మాట చెప్పేసరికి మేడమ్ మొదటిసారి నా వైపు తిన్నగా చూశారు. "హాస్టల్లో కరెంటు పోతే, కొవ్వొత్తి చుట్టూ చేరి అన్నం తింటారు కదా. అప్పుడు మొహాలు ఎలా ఉంటాయి? పప్పు తినేవాడు కూడా కుట్ర చేస్తున్నట్టే ఉంటాడు. ఆ నాటకం కోసమే ఆ చిత్రకారులు దీపాన్ని పక్కన పెట్టారు. ఇప్పుడు చెప్పు దాని పేరు." ఇక ఆ పేరు చెప్పాలని నాకే అనిపించలేదు.

అలా సాగింది ఆ ఏడాది. మెటీరియల్ అంతా నలుపు తెలుపే కాబట్టి, రంగులు మేడమ్ మమ్మల్ని బయటికి తీసుకెళ్లి చూపించేవారు. అప్పటికి మెట్రో స్తంభాలు లేస్తున్నాయి, పైన పట్టాలు లేవు. మిద్దె మీద నిలబెట్టి, ఎల్బీ నగర్ వైపు వరసగా వెళ్లే స్తంభాలను చూపించి, "దూరం పోయేకొద్దీ ఏమవుతున్నాయి?" అనేవారు. పొట్టిగా అవుతున్నాయి, దగ్గరికొస్తున్నాయి, చివరికి ఒక చుక్కలో కలిసిపోతున్నాయి. ఆ చుక్కను కొలిచి, లెక్కగట్టి, బల్లపరుపు గోడ మీద లోతును పుట్టించినవాళ్లు రినైసాన్సు చిత్రకారులు. "లెక్కలు రావని పారిపోయొచ్చావటగా. ఇదిగో, ఇక్కడ కూడా కాచుకుని కూర్చున్నాయి" అని నన్ను పొడిచేవారు.

ఇంకోసారి అదే మిద్దె మీద, మధ్యాహ్నం ఎండలో, స్తంభం నీడ ఏ రంగులో ఉందని అడిగారు.

"నలుపు మేడమ్."

"నీ కళ్లు కూడా జిరాక్సేనా నాయనా? మళ్లీ చూడు."

చూశాను. కళ్లు నులుముకుని చూశాను. ఎర్రమట్టి మీద పడిన చోట ఆ నీడ వంగపండు రంగులో ఉంది. సిమెంటు మీద నీలంగా ఉంది. సాయంత్రం మళ్లీ ఎక్కించారు. అదే స్తంభం, అప్పుడు కొత్తపేట పండ్ల మార్కెట్‌లో మగ్గిన బంగినపల్లిలా ఉంది. "స్టూడియోలో కూర్చుని నీడకు నల్లరంగు పూసేవాళ్ల మధ్య నుంచి లేచి, బయటికొచ్చి, నీడకూ రంగుందని చెప్పినందుకు వాళ్లను చూసి ఊరంతా నవ్వింది. అలా నవ్వులపాలైనవాళ్ల పేరే ఇంప్రెషనిస్టులు" అన్నారు. క్యూబిజం కోసం మమ్మల్ని ఆటోల్లో ఎక్కించి ఎల్బీ నగర్ చౌరస్తా చుట్టూ తిప్పించారు. నాగార్జునసాగర్ రోడ్డు వైపు నుంచి ఒకలా, విజయవాడ రోడ్డు వైపు నుంచి ఒకలా కనిపించే ఒకే చౌరస్తాను, అన్ని వైపులా ఒకే కాగితం మీద గీయమన్నారు. నా కాగితంలో ట్రాఫిక్ పోలీసుకు రెండు ముక్కులొచ్చాయి. "ఇదిగో, ఇప్పుడర్థమైంది నీకు" అని దాన్ని గోడకు అంటించారు. సర్రియలిజానికైతే దూరం వెళ్లే పనే లేకపోయింది. కిటికీ తెరిచి ఎదురుగా ఉన్న హోర్డింగ్ చూపించారు. నీలాకాశంలో శరీరాల్లేని తలలు, తలల కింద ర్యాంకులు, వాటి మధ్య రెండు చేతులూ చాచిన ఒక కోచింగ్ సెంటర్ యజమాని. "కలలో తప్ప ఇంకెక్కడైనా ఇలా ఉంటుందా? రోజూ చూస్తున్నారు కాబట్టి భయం వేయడం లేదు, అంతే."

ప్రతి నెలా ఒక పిలుపు. "ఈ ఆదివారం మ్యూజియంకి వస్తావా? జిరాక్సుల్లో ఎన్నాళ్లు చూస్తావు? ఒక్క నూనెరంగు బొమ్మ ముందు నిలబడు. రంగు ఎంత మందంగా ఉంటుందో, పక్క నుంచి చూస్తే కుంచె వెంట్రుకలు కూడా కనిపిస్తాయి." ఒస్తా మేడమ్, గీ వారం కాదు, ఒచ్చే వారం అనేవాణ్ని. ఆదివారాలకేం తక్కువ, వస్తూనే ఉంటాయి అనుకునే వయసు. నాకప్పుడు మ్యూజియం అంటే ఎక్స్‌కర్షన్ బస్సులో పిల్లలు వెళ్లే చోటు. నేను కళాకారుణ్ని కదా!

సీటు వచ్చింది. డిగ్రీ వచ్చింది. కళాకారుడు మాత్రం రాలేదు. చదువయ్యాక తిరుగుతున్న నన్ను డైరెక్టర్ సార్ పిలిచి ఫ్యాకల్టీగా పెట్టుకున్నాడు. మేడమ్ సంతోషించారు. ఇక ఇద్దరం కలిసి చూపు గంటను రెండు గంటలు చేయొచ్చన్నారు. నేను చేసింది వేరు. పిల్లలు ఇజాలు గుర్తుండట్లేదని మొత్తుకుంటుంటే, ఒక సాయంత్రం మా ఊరి బతుకమ్మ బాణీలో నాలుగు లైన్లు కట్టాను.

*చుక్క చుక్క పెడితె ఉయ్యాలో, పాయింటిలిజమాయె ఉయ్యాలో*
*ముక్క ముక్క చేస్తె ఉయ్యాలో, క్యూబిజమాయె ఉయ్యాలో*
*చీకట్ల దీపముంటె ఉయ్యాలో, బరోకు బొమ్మాయె ఉయ్యాలో*

క్లాసు ఊగిపోయింది. కింద గ్రూప్స్ వాళ్లు పైకొచ్చి విని వెళ్లారు. డైరెక్టర్ సార్ తలుపు దగ్గర నిలబడి చేత్తో తాళం వేశాడు. "అరే శ్రీశైలం, నువ్వు మస్తున్నవ్ రా. ఐదు సెకండ్లల్ల ఇజం పట్టేస్తున్నరు పోరగాండ్లు!" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఐదు సెకండ్ల సార్‌ని. మేడమ్ కూడా ఒకసారి వెనక బెంచీలో కూర్చుని పాటంతా విన్నారు. అయిపోయాక, "పాట బాగుంది" అన్నారు. సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "బొమ్మ ఏదీ?" అన్నారు. పిల్లలు నవ్వారు. నేను ఇంకా గట్టిగా నవ్వాను. నవ్వక తప్పలేదు. పాటంతా అయినా నేను ఒక్క బొమ్మ కూడా చూపించలేదని అప్పుడే గమనించాను.

ఆ ఏడాది పరీక్షలో ఒక రంగుల చిత్రం వచ్చింది. పల్లెటూరి దారి, బరువు మోస్తూ నడుస్తున్న మనుషులు, మీద కురుస్తున్న మంచు. ఏ ఉద్యమానికి చెందినదని ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు, రాజులనూ దేవతలనూ పక్కన పెట్టి, పనిచేసే మనుషులను చూపించడమే రియలిజం. కళ్లున్న ఎవరికైనా అది తెలుస్తుంది. మా వాళ్లకు కళ్లున్నాయి కానీ చెవుల్లో ఉయ్యాలో మోగుతోంది. మర్నాడు ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. "చుక్కలే చుక్కలు కనవడ్డయి సార్. మీ పాటే పాడుకొని పాయింటిలిజం పెట్టినం." మంచు కురవని ఊళ్ల పిల్లలు. తెల్లచుక్కలు ఆకాశం నుంచి పడితే మంచు అనుకోవాలని వాళ్లకు ఎవరు చెప్పాలి? చూడమని చెప్పాల్సినవాణ్ని నేను పాట నేర్పాను. ఆలస్యంగా చేరి, పాట నేర్చుకోవడానికి వీలుపడని ఒక్క అమ్మాయి మాత్రం సరిగ్గా రాసింది.

ఫలితాలు తగ్గాయని మీటింగు పెట్టారు. తప్పు పాటది కదా, పాట ఆపుతారనుకున్నాను. డైరెక్టర్ సార్ లెక్క వేరే. "రివిజన్ సాలుతలేదు. గా చూసుడు గంట ఉంది సూడు, అండ్ల రివిజన్ పెట్టాలె. బొమ్మ దిక్కు చూసుకుంట కూసుంటే ర్యాంకులొస్తయా? శ్రీశైలం, గా గంట నువ్వు తీస్కో." నేను "సార్, అది మేడమ్‌ది..." అన్నాను. ఆ వాక్యానికి క్రియ దొరకలేదు. దొరకనివ్వలేదంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. మేడమ్ అక్కడే, కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. ఎప్పుడూ డైరెక్టర్ గది ముందు తొక్కలు రాల్చే మనిషి, ఆ రోజు కాయ ఒలవలేదు. నా వాక్యం పూర్తవుతుందేమోనని చూస్తున్నారని తర్వాత అనిపించింది. బయటికొచ్చాక వరండాలో నా భుజం తట్టి, "నా గంట నీకిచ్చారుగా. చూసుకో" అన్నారు. అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, దులిపేసుకునేవాణ్ని.

ఆ నెలాఖరుకు ఆవిడ మానేశారు. వాటా ఖాళీ చేసి బడంగ్‌పేట్‌లో చెల్లెలు అన్నపూర్ణమ్మ గారింటికి వెళ్లిపోయారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి బడంగ్‌పేట్ ఏం దూరం? నేను వెళ్లలేదు. అప్పుడప్పుడు ఫోన్ చేసేవాణ్ని. ఎప్పుడు చేసినా ఆవిడ కోచింగ్ సంగతి అడిగేవారు కాదు. "మ్యూజియంకి వెళ్లావా?" ఒక్కటే ప్రశ్న. లేదంటే, "సరే, గ్రాండ్ టెస్టులు ఉంటాయిలే" అని నా తరఫున నా సాకు కూడా ఆవిడే చెప్పేసేవారు.

తర్వాత ఒకరోజు అన్నపూర్ణమ్మ గారు ఫోన్ ఎత్తారు. అక్కయ్య బాత్రూంలో జారిపడిందని, తుంటి ఎముక విరిగిందని, ఆపరేషనయ్యి మంచం మీద ఉందని చెప్పారు. ఆ ఆదివారం క్లాసు ఎగ్గొట్టాను. బడంగ్‌పేట్ బస్సెక్కాల్సినవాణ్ని, ఎందుకో అఫ్జల్‌గంజ్ బస్సెక్కి మ్యూజియం దగ్గర దిగాను. పలకరింపుగా నారింజ పళ్లు పట్టుకెళ్లడం కన్నా ఇదే ఆవిడకు నచ్చుతుందనిపించింది. టికెట్ కొనుక్కుని, యూరప్ చిత్రాల గది వెతుక్కుని, కనిపించిన మొదటి పెద్ద బొమ్మ ముందు నిలబడి ఫోన్ చేశాను.

"మేడమ్, నేను మ్యూజియంల ఉన్న."

"అబద్ధమాడకు" అన్నారు.

"ఒట్టు మేడమ్. ఎదురుంగ పెద్ద బొమ్మ ఉన్నది. సముద్రం ఒడ్డు. రియలిజమే అనుకుంట..."

"పేరు అడిగానా?"

గొంతు పీలగా ఉంది కానీ కాయ చిట్లిన చప్పుడు వినిపించినట్టే అయ్యింది. నవ్వొచ్చింది, కళ్లు కూడా చెమర్చాయి. గది మూలన కుర్చీలో కూర్చున్న కాపలా ఆయన నన్ను అనుమానంగా చూశాడు.

"ఎడమ పక్క నుంచి మొదలుపెట్టు. తొందరపడకు. నేనేం పారిపోను, కాలు లేదు."

చెప్పాను. ఒడ్డుకు లాగిన పడవ ఉంది మేడమ్. దాని మీద వల ఆరేసిన్రు. పడవ పక్కన ముగ్గురాడోళ్లు, చేపల బుట్టలు. "మొహాలు?" అలసిపోయినట్టున్నరు. ఒకామె ఏదో చెప్తోంది, రెండో ఆమె వినట్లేదు. "వినట్లేదని ఎలా తెలుసు?" ఆమె చూపు బుట్ట మీదుంది మేడమ్. "ఊఁ. కాళ్లు?" వంగి చూశాను. మూడో ఆమెకు ఒక కాలికే చెప్పుంది! ఆ మాట నేను గట్టిగా అన్నట్టున్నాను, కాపలా ఆయన లేచి వచ్చి నాతోపాటు వంగి ఆ చెప్పు చూశాడు. "రోజూ ఈడనే కూసుంట, ఎన్నడు చూడలే" అన్నాడు. ఆ మాట ఫోన్లో విని మేడమ్ నవ్వారు. ఎంతసేపు నవ్వారో! నవ్వు దగ్గులోకి దిగింది. వెనక నుంచి అన్నపూర్ణమ్మ గారు మందలిస్తున్న గొంతు వినిపించింది. "రంగు ఎలా ఉంది, పక్క నుంచి చూడు" అన్నారు. పక్కకు వెళ్లి, గోడకు చెంప ఆనించినంత పని చేసి చూశాను. అలల నురుగు దగ్గర తెల్లరంగు గట్టు కట్టింది. మీగడలా. అందులో సన్నటి గీతలు, కుంచె వెంట్రుకలు వదిలిపోయిన జాడలు. ఎప్పుడో, ఎక్కడో, ఒక మనిషి చెయ్యి ఇలా తిరిగింది. జిరాక్స్ కాగితం మీద ఇన్నేళ్లూ నాకు దొరకనిది ఆ చెయ్యి.

"మేడమ్, ఇంక కుడి దిక్కు..."

"వద్దు. కుడివైపు చూడకు. అది వచ్చే ఆదివారానికి ఉంచు. ఒక్కరోజులో అంతా తినేస్తే నాకేం మిగులుతుంది?"

నేను నిజంగానే చూడలేదు. కుడి కన్ను మూసుకున్నవాడిలా మెడ తిప్పుకుని బయటికొచ్చాను. ఎవరైనా చూస్తే నవ్వుకునేవారు. అంత బుద్ధిగా ఆవిడ మాట విన్నది జీవితంలో అదొక్కసారే.

వచ్చే ఆదివారం గ్రాండ్ టెస్టు పెట్టారు. ఆ తర్వాతి ఆదివారం డెమో క్లాసులు. మేడమ్‌కి ఫోన్ చేసి ఆ మాట చెప్పడానికి మొహం చెల్లక, చేయలేదు. వెళ్లాకే చేద్దామనుకున్నాను. ఆ మధ్యలో ఒక బుధవారం పొద్దున అన్నపూర్ణమ్మ గారే చేశారు. నిద్రలోనే పోయారట.

బడంగ్‌పేట్ దారి అప్పుడు తెలిసింది నాకు. ఇల్లు కనుక్కోవడం అంత సులువని కూడా. అన్నపూర్ణమ్మ గారు నన్ను ఎప్పుడూ చూడలేదు. గుమ్మంలో నిలబడి పేరు చెప్పబోతుంటే, "సగం బొమ్మ అబ్బాయివి నువ్వేనా?" అన్నారు. లోపలికి పిలిచి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. "మంచం మీద పడుకుని ఒకటే గొడవ బాబూ. పడవ, వల, మూడో దానికి ఒక్కటే చెప్పు. రెండో చెప్పు ఏమైందంటావే అని నన్ను చంపుకు తినేది. అల తీసుకుపోయిందని నేను, కాదు, ఇంకోదానికి ఇచ్చిందని అక్కయ్య. నేను వంట చేస్తున్నా సరే, పోట్లాడుకునేవాళ్లం." ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని, నా వైపు నిజంగా తెలుసుకోవాలన్నట్టు చూశారు. "ఇంతకీ కుడివైపు ఏముంది?"

"ఇంకా చూడలేదమ్మా" అన్నాను. అంతకన్నా బరువైన మాట నేను ఇంతవరకూ అనలేదు.

తర్వాత మ్యూజియంకి వెళ్లాను. ఎవరి కోసం వెళ్లానో తెలియదు. కాపలా ఆయన గుర్తుపట్టి తల ఊపాడు. కుడివైపు సగంలో పెద్దగా ఏమీ లేదు. తడి ఇసుక. ఇసుకలో ఆకాశం నీడ పడింది, నీడకు రంగుంది. దూరంగా నీళ్లు వెనక్కి వెళ్లిపోతున్నాయి. అంత చోటును ఆ చిత్రకారుడు ఖాళీగా ఎందుకు వదిలాడో మేడమైతే అడిగేవారు. నేను చెప్పే మొదటి జవాబును కొట్టిపారేసేవారు, రెండోదాన్ని కూడా. మూడో జవాబు ఏదో ఒకటి నాలోంచి వచ్చేది. ఇప్పుడు మొదటి జవాబు దగ్గరే ఆగిపోతున్నాను. కొట్టిపారేసేవాళ్లు లేకపోతే మనిషికి తన మొదటి మాటే నిజమనిపిస్తుంది. ఆ సగం బొమ్మను చెప్పుకోవాల్సిన చోట చెప్పలేక, ఎక్కడికి వెళ్లినా మోసుకు తిరుగుతున్నాను. మెట్రోలో నిలబడి, కిటికీలోంచి చైతన్యపురి మిద్దెలు వెనక్కి పోతుంటే, ఏ మిద్దె మీద ఏ నీడ ఏ రంగులో ఉందో నాకు తెలియకుండానే పెదవులు కదుపుతుంటాను. పక్కనున్నవాళ్లు బ్లూటూత్‌లో మాట్లాడుతున్నాననుకుంటారు. అదీ ఒక రకంగా నిజమే.

ఇక నేను చేసిన చిన్న ఘనకార్యం ఒకటి చెప్పి ముగిస్తాను. ఈ మధ్య డైరెక్టర్ సార్ ఆన్‌లైన్‌లో పడ్డాడు. "శ్రీశైలం, ఒక్కొక్క ఇజానికి ఒక్కొక్క చిన్న వీడియో కావాలె. బొమ్మ చూపెట్టుడు, ఇజం చెప్పుడు, బంద్. పాట గూడ పెట్టు" అన్నాడు. సరేనన్నాను. ఒక బొమ్మ తీసుకున్నాను, ఈసారి రంగుల్లో. అడవి అంచున ఒక గుడిసె, గుమ్మంలో ఇద్దరు మనుషులు, దూరంగా ఒక మూల గొడ్డలి భుజాన వేసుకుని నిలబడ్డ మూడోవాడు. దాన్ని తెర మీద పెట్టి, మైకు ముందు కూర్చుని, వీడియో అయిపోయేదాకా నోరు విప్పలేదు. పాట లేదు. పేరు లేదు. అలాగే ఎక్కించేశాను.

గంటలో ఫోన్. "ఏందిది? ఆడియో వస్తలేదు!"

"వస్తుంది సార్. ఫ్యాన్ సప్పుడు ఇనవడ్తలేదా?"

తిట్టాడు. తీసేయమన్నాడు. అప్పటికే వీడియో కింద పిల్లలు కామెంట్లు మొదలుపెట్టారు. సార్ మైక్ ఆఫ్ ఉంది, సార్ ఆన్సర్ చెప్పండి అని కొందరు. ఆ తర్వాత ఎవరో, గుడిసెలో వాళ్లు ఆ గొడ్డలివాణ్ని చూడలేదని రాశారు. చూశారు, చూడనట్టు నటిస్తున్నారని ఇంకొకరు. కాదు, వాడు వాళ్ల కొడుకేనని మరొకరు. కాట్లాట పెద్దదైంది. ఒక్కరికీ ఇజం గుర్తు రాలేదు. సాయంత్రం డైరెక్టర్ సార్ మళ్లీ చేశాడు. తిట్టడానికేననుకున్నాను. గొంతు తగ్గించి, పక్కన ఎవరూ వినకూడదన్నట్టు అడిగాడు. "శ్రీశైలం, గా గొడ్డలి పట్టుకున్నోడు మంచోడా, చెడ్డోడా? పొద్దటి సంది చూస్తున్న, సమజైతలేదు. పరేషాన్ చేసినవ్ కదరా. చెప్పు జర."

"మీరే చూడుండ్రి సార్" అని పెట్టేశాను. ఆ గొడ్డలివాడి సంగతి నాకూ తెలియదు. ఆ ముక్క మాత్రం ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.